మూడు నెలలు కవర్ కింద నిలబెట్టిన కారు: టైర్లలో గాలి ఎందుకు దిగుతుంది, ఏం చేయాలి

దసరా, దీపావళి అయిపోయాయంటే నల్లగొండలో మా గల్లీలో రెండు మూడు కార్ల మీద కవర్లు పడతాయి. కొందరు పిల్లల దగ్గరికి అమెరికా పోతారు. కొందరు హైదరాబాద్‌లో ఉంటూ కారును ఇక్కడి ఇంట్లోనే వదిలేస్తారు. శివరాత్రి దగ్గర పడేసరికి అందరిదీ ఒకటే ఫోను: "అన్నా, కారు కూసున్నది. పోయేముందే గాలి కొట్టించిన. పంచరా, చలికి దిగిందా?"

రెండిట్లో ఏదైనా కావచ్చు. తేల్చుకోవడానికి నేను ఒక్క టైరు అంకె చూసి ఏమీ అనుకోను. నాలుగింటినీ పక్కపక్కన రాసుకుని చూస్తాను. నాలుగూ ఒకేలా దిగితే అది చలి పని, రోజులు గడిచిన పని. ఒక్కటి మాత్రం మిగతా మూడింటికంటే కిందికి పోతే ఆ చక్రంలో లీకు ఉన్నట్టే. ఈ పోలిక సరిగ్గా కుదరాలంటే గాలి పెట్టే రోజు నుంచే కొంచెం జాగ్రత్త పడాలి.

1. గాలి ఏ దారుల్లో పోతుంది

మొదటిది చలి. ఇక్కడ గాలి ఎటూ పోదు, అయినా గాలి మీటరులో అంకె పడిపోతుంది. చల్లబడిన గాలి టైరును లోపలి నుంచి తక్కువ బలంతో నెడుతుంది, అంతే. సుమారు ఐదున్నర డిగ్రీల వేడి తగ్గితే ఒక పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. డిసెంబరులో మన దగ్గర తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరికి దిగి, మధ్యాహ్నానికి 30 దాకా పోతుంది. అంటే పొద్దున 33 చూపించిన టైరే మధ్యాహ్నం 35 పైన చూపిస్తుంది. ఎవరూ గాలి పెట్టలేదు, ఎవరూ తీయలేదు.

రెండోది రబ్బరు. టైరు ఎంత కొత్తదైనా గాలి దాని గుండా నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరు లోపల బ్యూటైల్ జాతి రబ్బరు పొర ఉంటుంది. అది గాలిని బాగా ఆపుతుంది కానీ పూర్తిగా ఆపలేదు. నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ ఇలా పోవడం మామూలే. రోజూ నడిపే కారుకు మధ్యమధ్యలో గాలి పెట్టిస్తుంటాం కాబట్టి తెలియదు. నిలబెట్టిన కారుకు మూడు నెలల లెక్క ఒకేసారి బయటపడుతుంది.

మూడోది వాల్వు, అంటే గాలి పెట్టే చిన్న గొట్టం. లోపలి పిన్ను వదులైనా, దాని రబ్బరు వాషరు మీద ఇసుక రేణువు కూర్చున్నా గాలి సన్నగా పోతుంది. వాల్వు కాండం కూడా రబ్బరే. ఎండకు ఎండి మొదట్లో, అంటే రిమ్ములోకి దిగే చోట, పగుళ్లు వస్తాయి.

నాలుగోది రిమ్ము అంచు. టైరు పెదవి రిమ్ముకు ఆనుకునే చోట తుప్పు పట్టినా, అల్లాయ్ (అల్యూమినియం) రిమ్ము మీద తెల్లటి పొడిలా పొరలు లేచినా మూత సరిగ్గా పడదు. ఊళ్లలో కొలతా లెక్కా లేకుండా పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరి సొట్టపడిన రిమ్ము కూడా ఇదే పని చేస్తుంది. ఇంకోటి, చెప్పుకోవడానికి బాగుండదు కానీ, నిలబెట్టిన కారు చక్రం వీధికుక్కలకు నిత్యపూజ. ఆ తడి ఇనుప రిమ్ముకు మంచిది కాదు.

ఐదోది ముల్లు, మేకు. కారు నిలబెట్టే నాటికే దిగి ఉంటుంది. టైరు దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటే గాలి బొట్టుబొట్టుగా పోతుంది. చేను గట్టు మీదుగా, సర్కారు తుమ్మ కంప పక్కగా తిరిగిన కారైతే దీన్నే ముందు అనుమానించండి.

2. సామాన్లు

☐ సొంత గాలి మీటరు. షాపు మీటరుకూ బంకు మీటరుకూ రెండు మూడు అంకెల తేడా మామూలే. మీ మీటరు కొంచెం తప్పు చూపించినా ఫర్వాలేదు, ప్రతిసారీ అదే వాడితే పోలిక చెడిపోదు.
☐ కాలితో తొక్కే పంపు, లేదా కారు సాకెట్‌కు పెట్టే చిన్న గాలి మిషన్
☐ వాల్వు పిన్ను తిప్పే చిన్న పానా, రెండు కొత్త పిన్నులు, నాలుగు మూతలు
☐ ఒక షాంపూ ప్యాకెట్, పాత పెయింట్ బ్రష్
☐ చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు రాళ్లు లేదా చెక్క దిమ్మెలు
☐ నోటుపుస్తకం, సుద్దముక్క

3. గాలి పెట్టే రోజు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. మా బావ హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ వస్తూ జడ్చర్ల దాటాక బంకులో ఆగి 33 పెట్టించాడు. ఇంటికి పోయి కవర్ కప్పాడు. రెండు రోజుల తర్వాత పొద్దున చూస్తే 28. "కొత్త టైర్లు, అప్పుడే లీకా?" అని టెన్షన్ పడ్డాడు. లీకు లేదు, ఏమీ లేదు. అంత దూరం పరుగెత్తిన టైరు 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిలో 33 అంటే, 15 డిగ్రీల పొద్దుటి పూట 28 కిందే లెక్క. వేడి మీద పెట్టించుకున్న గాలి ఎప్పుడూ అసలు కంటే ఎక్కువగానే కనబడుతుంది.

అందుకే గాలి చల్లటి టైరుకే పెట్టాలి. అంటే కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, ఎండ తగిలి ఉండకూడదు. వరుస ఇది:

మొదట డ్రైవరు తలుపు తెరిచి, తలుపు ఆనుకునే స్తంభం మీద అంటించిన కాగితం చూడండి. కొన్ని కార్లకు పెట్రోలు మూత వెనక ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి ఆ కాగితం మీది గాలి అంకె 30 నుంచి 36 మధ్య ఉంటుంది. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేరుగా ఉండొచ్చు. టైరు పక్కన అచ్చు వేసిన పెద్ద అంకె, 44 లాంటిది, మీరు పెట్టాల్సిన గాలి కాదు. అది దాటకూడని హద్దు.

తర్వాత పొద్దున్నే, ఎండ రాకముందు, నాలుగు టైర్లనూ స్టెప్నీనీ కొలిచి రాసుకోండి. షాపుకు పోకుండా ఇంట్లో పంపుతోనే పెట్టుకోగలిగితే అన్నిటికంటే మంచిది. షాపు గల్లీ చివరే ఉంటే నెమ్మదిగా పోయి పెట్టించుకోవచ్చు, ఆ కొంచెం దూరానికి టైరు పెద్దగా వేడెక్కదు.

షాపులో గాలి పెట్టించే ముందు, గొట్టం నోటి దగ్గర పాత కాగితం ముక్క పట్టుకుని ఒక్కసారి గాలి వదలమనండి. కాగితం మీద తడి చుక్కలు పడితే ఆ ట్యాంకులో నీళ్లు నిలిచాయన్నమాట. కింది కుళాయి తిప్పి ఆ నీళ్లు వదిలేశాకే పెట్టించుకోండి. టైరులోకి పోయిన తడి, వేడికీ చలికీ మీటరును ఇంకా ఎక్కువ ఆడిస్తుంది, ఇనుప రిమ్మును లోపలి నుంచి తినేస్తుంది.

మూడు నెలలు నిలబెట్టేటట్లయితే తలుపు మీది అంకె కంటే 3 నుంచి 5 ఎక్కువ పెట్టండి. టైరు పక్కనున్న హద్దు మాత్రం దాటొద్దు. ఎక్కువ పెట్టడానికి రెండు కారణాలు. నెలనెలా పోయే గాలికి ముందే జమ చేసినట్టు అవుతుంది. ఒకేచోట బరువు మోసే టైరు అడుగు చదునుగా మారడం కూడా తగ్గుతుంది.

చివరగా మూతలు బిగించండి. వాల్వు మూత లేకపోతే ఏమవుతుందిలే అనుకుంటాం. పిన్ను మీదికి దుమ్ము పోకుండా కాపాడేది అదే. పైగా మూత లేని వాల్వు కనబడితే సెలవుల్లో పిల్లలకు పుల్ల పెట్టి నొక్కి "ఉస్స్" అనిపించడం ఒక ఆట. మేం మాత్రం చేయలేదా!

నైట్రోజన్ సంగతి కూడా అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. అది రబ్బరు గుండా ఆక్సిజన్ కంటే నెమ్మదిగా పోతుందనేది నిజమే. కానీ చలికి మీటరు పడిపోవడం దానికీ అంతే. ఉచితంగా పెడితే పెట్టించుకోండి. డబ్బులు ఇచ్చి పెట్టించుకోవడం కంటే ఆ డబ్బుతో మీటరు కొనుక్కోమంటాను.

4. ఎక్కడ, ఎలా నిలబెట్టాలి

నీడ ఉండాలి, నేల పొడిగా ఉండాలి. బండపరుపు గానీ సిమెంటు గానీ ఉంటే చాలు. యూరియా సంచులు పెట్టే రేకుల షెడ్డులో పెట్టకండి. ఎరువుల పొడి, తడి కలిస్తే ఇనుమూ అల్యూమినియమూ రెండూ పాడవుతాయి. వెల్డింగు జరిగే చోటూ వద్దు, అక్కడ పుట్టే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది.

టైర్లను సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. డీజిల్, కిరోసిన్ గుడ్డతో తుడిచి నల్లగా నిగనిగలాడించే అలవాటు కొందరికి ఉంది. ఆ నిగనిగ వారం ఉంటుంది, రబ్బరుకు జరిగిన నష్టం ఉండిపోతుంది.

నేల చదునుగా ఉంటే హ్యాండ్‌బ్రేకు వేయకుండా, గేరులో పెట్టి చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. నెలల తరబడి లాగి ఉంచితే బ్రేకు పట్టేసుకునే ప్రమాదం ఉంది. టైర్ల మీద బరువు లేకుండా కారును ఇటుకల మీద ఎక్కించడం చూశాను. ఇటుక పగిలితే కారు మీదికి వస్తుంది. ఎత్తాలనుకుంటే అందుకోసం చేసిన జాకీ స్టాండ్లే వాడాలి. మూడు నాలుగు నెలలకైతే నేను ఎత్తను. పదిహేను రోజులకోసారి కారును అరచక్రం ముందుకో వెనక్కో జరపడానికి ఒక మనిషి ఉంటే చాలు.

నిలబెట్టాక ప్రతి టైరు మీద, నేలకు ఆనిన చోటుకు సూటిగా పైన సుద్దతో గీత గీయండి. కారు జరిపినప్పుడు ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లు జరిపారా లేదా అన్నది కూడా తెలుస్తుంది. వాళ్లతో మాత్రం ఆ మాట అనకండి.

5. పదిహేను రోజులకోసారి కొలత

మీరు ఊళ్లో లేకపోతే ఇంట్లో ఎవరికైనా మీటరు వాడటం నేర్పి పోండి. మా బాపుకు 70 దాటాయి, రెండు నిమిషాల్లో నేర్చుకున్నాడు. షరతులు మూడే: పొద్దున ఎండ రాకముందు, అదే మీటరు, నాలుగు చక్రాలూ వరుసగా.

ఒక చలికాలం నా పుస్తకంలో రాసుకున్నది ఇది. వరుస: ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ.

డిసెంబరు 1: 36, 36, 36, 36
డిసెంబరు 15: 35, 35, 35, 33
జనవరి 1: 34, 34, 34, 30

మూడు చక్రాలు చెప్పేది ఒకటే: నెలకు రెండు పోతోంది, కంగారు లేదు. వెనక ఎడమది మాత్రం నెలకు ఆరు దిగింది. దాని అసలు లీకు ఆరు కాదు, నాలుగు. మిగతా రెండూ అందరితో పాటు దానికీ మామూలుగా పోయినవే. అంతకుముందు రెండేళ్లు పుస్తకం లేక, ఆ చక్రం దిగిన ప్రతిసారీ "చలి కదా" అనుకుని గాలి కొట్టించుకుంటూ పోయాను.

ఎప్పుడు ఏం చేయాలంటే:

☐ నాలుగూ సమానంగా దిగి, ఇంకా తలుపు మీది అంకెకు పైనే ఉంటే: ఏమీ చేయొద్దు.
☐ నాలుగూ సమానంగా దిగి, ఆ అంకె కంటే తగ్గితే: నాలుగింటికీ పంపు కొట్టండి. వెతకాల్సిన లీకు లేదు.
☐ ఒక్కటి నెలలో మిగతావాటి కంటే 2 పైన ఎక్కువ దిగితే: నురగ పరీక్ష.
☐ ఒక్కటి రెండు మూడు రోజుల్లోనే కూర్చుంటే: పరీక్షలు వద్దు, చక్రం విప్పి షాపుకు తీసుకుపోండి.

6. నురగ పరీక్ష

ముందు అనుమానపు టైరుకు తలుపు మీది అంకె దాకా గాలి పెట్టండి. గాలి లేని టైరు నురగను పొంగించలేదు.

మన దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పునీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టు తేలుతుంది. ఆ నీళ్లతో చేసి "లీకు లేదు" అనుకున్నవాళ్లు ఉన్నారు. తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ నీళ్లు అర గ్లాసు తీసుకుని అందులో షాంపూ ప్యాకెట్ సగం కలపండి. చిక్కగా ఉండాలి.

వరుస మార్చకండి. సులువైన చోటు ముందు, కష్టమైన చోటు తర్వాత.

మొదట వాల్వు నోరు. మూత తీసి ఒక చుక్క వేయండి. పంచర్ షాపులో పెద్దాయన వేలికి ఉమ్మి తడి చేసుకుని వాల్వు మీద పెట్టడం చూసే ఉంటారు, అదే పరీక్ష. నా వెనక ఎడమ చక్రం దొంగ ఇక్కడే దొరికింది. చుక్క వేయగానే ఏమీ కనబడలేదు. మూత పట్టుకుని లేవబోతుంటే, ఆ చుక్క నెమ్మదిగా ఉబ్బి కందిగింజంత బుడగై పగిలింది. మళ్లీ ఇంకోటి. నిమిషానికి రెండో మూడో. ఆ లెక్కనే నెలకు నాలుగు పీఎస్‌ఐ పోతోంది. కాబట్టి ప్రతి చోటా కనీసం రెండు నిమిషాలు కళ్లప్పగించి చూడండి.

తర్వాత వాల్వు మొదలు. కాండాన్ని వేలితో అటూ ఇటూ కొంచెం వంచుతూ నురగ రాయండి. వంచినప్పుడే తెరుచుకునే పగుళ్లు ఉంటాయి.

ఆపైన నేలకు ఆనే ముఖం. కారును కొంచెం జరిపి మొత్తం చూడాలి. ముల్లు, మేకు కనబడితే పీకకండి. పీకితే నెమ్మదిగా పోయే గాలి ఒక్కసారిగా పోతుంది. సుద్దతో గుర్తుపెట్టి షాపుకు పోయాకే తీయించండి.

చివరగా రిమ్ము అంచు, బయటివైపు, తర్వాత లోపలివైపు. లోపలివైపు చూడాలంటే చక్రం విప్పాల్సిందే. అంచు లీకులో పెద్ద బుడగలు రావు, సన్నటి తెల్ల నురగ గీతలా పేరుకుంటుంది.

7. ఏ లీకుకు ఏం చేయాలి

పిన్ను: చక్రాన్ని జాకీ మీద ఎత్తి, చిన్న పానాతో పిన్ను విప్పండి. గాలి మొత్తం పోతుంది, భయపడొద్దు. పిన్ను ఎగిరి పోకుండా వేలు అడ్డం పెట్టుకోండి. కొత్తది చేతికి ఆగేదాకా తిప్పి, ఆపైన కొంచెమే బిగించండి. బలమంతా చూపిస్తే వాషరు నలిగి మళ్లీ లీకే. గాలి పెట్టి నురగతో మరోసారి చూడండి. ఇంట్లో చేసుకోగలిగిన పని ఇదొక్కటే.

వాల్వు కాండం: కొత్తది వేయించడమే. అతికించే మందులు పనికిరావు. అసలు టైర్లు మార్చినప్పుడే వాల్వులు కూడా మార్పించుకోవాలి, అప్పుడు మిగిల్చిన కొంచెం డబ్బు తర్వాత ఇలా లీకవుతుంది.

రిమ్ము అంచు: టైరు ఒకవైపు విప్పించి, అంచును వైరు బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో నున్నగా చేయించి, అంచుకు పూసే సీలెంట్ రాయించి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు జారడానికి సబ్బునీళ్లు వాడమనండి. గ్రీజు, ఇంజను ఆయిల్ తీసుకొస్తే ఆపండి, అవి రబ్బరును తింటాయి. సొట్ట ఉంటే ముందు రిమ్ము సరిచేయించాలి. అల్లాయ్‌కి పగులు ఉంటే మార్చేయడమే.

ముల్లు, మేకు: నేలకు ఆనే ముఖం మీద అయితే ట్యూబ్‌లెస్ పంచర్ వేయించవచ్చు. పక్కగోడ మీద అయితే ఎవరెంత ధైర్యం చెప్పినా వేయించొద్దు. నడిచేటప్పుడు వంగి లేచేది ఆ గోడే, అక్కడ అతుకు నిలవదు.

ఒక మాట. లీకు ఎక్కడుందో మీ కళ్లతో చూడకుండా ఎవరినీ టైరులో సూది దింపనివ్వకండి. ఒకచోట నా మంచి టైరుకు లేని పంచర్ వేసి డబ్బులు తీసుకున్నారు. అసలు లీకు పిన్నులో ఉంది, ఇంటికి వచ్చాక మళ్లీ దిగింది.

8. పూర్తిగా కూర్చున్న టైరు దొరికితే

షాపు పక్కనే కదా అని ఆ టైరు మీద నడపకండి. రిమ్ముకూ నేలకూ మధ్య పక్కగోడ నలిగి, లోపలి దారాలు తెగుతాయి. బయటికి ఏమీ కనబడదు.

చిన్న గాలి మిషన్ ఉంటే వాడుకోండి. అయితే అది కారు బ్యాటరీ మీద నడుస్తుంది, మూడు నెలలు నిలబడ్డ బ్యాటరీకి ఆ ఓపిక ఉండకపోవచ్చు. ముందు ఇంజను స్టార్ట్ చేసి, అప్పుడు మిషన్ పెట్టండి. షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, పొగ లోపలే తిరిగితే ప్రాణానికి ప్రమాదం. స్టార్టే కాకపోతే కాలి పంపే దిక్కు. టైరు పెదవి రిమ్ము నుంచి విడిపోయి ఉంటే పంపుతో ఎంత కొట్టినా ఎక్కదు. స్టెప్నీ వేసి, విప్పిన చక్రాన్ని ఆటోలో షాపుకు పంపండి.

వారాల పాటు కూర్చునే ఉన్న టైరైతే విప్పించి లోపలివైపు చూడమనండి. పక్కగోడ లోపల చుట్టూ నల్లటి పొడి రాలి, మడత గీత పడి ఉంటే ఆ టైరు పని అయిపోయింది. పనిలో పనిగా టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ కూడా చూడండి. 3821 అంటే 2021లో 38వ వారం తయారైంది. ఆరేళ్లు దాటి, పక్కగోడల మీద సన్న పగుళ్లు ఉన్న టైరుకు రిపేరు ఖర్చు పెట్టడం దండగ.

9. మళ్లీ రోడ్డెక్కే రోజు

☐ పొద్దున్నే ఐదు టైర్లూ కొలవండి. ఐదోది స్టెప్నీ. అందరూ మరిచేది దాన్నే.
☐ ఎక్కువ పెట్టిన గాలిని తలుపు మీది అంకెకు దించండి. 15 డిగ్రీల్లో 40 ఉన్న టైరు, 45 డిగ్రీల ఎండకు 45 దాటుతుంది.
☐ పక్కగోడల మీద చెయ్యి తిప్పి ఉబ్బులు, పగుళ్లు చూడండి.
☐ అడ్డం పెట్టిన రాళ్లు తీయండి. నవ్వకండి, మరిచి ఎక్కించినవాళ్లు ఉన్నారు.
☐ గాలి హెచ్చరిక దీపం ఉన్న కారైతే కొంచెం దూరం నడిచాకే దాని మాట నమ్మండి. కొన్ని కార్లలో చక్రాలు తిరిగితే గానీ కొత్త అంకె రాదు.

మొదటి పది కిలోమీటర్లు స్టీరింగులో దడదడ వస్తే అది టైరు అడుగు చదునుబడినందుకు. నెమ్మదిగా పోతే వేడెక్కి సర్దుకుంటుంది. నల్లగొండ నుంచి బయలుదేరితే మామూలుగా నార్కట్‌పల్లి చేరేలోపే పోతుంది. హైవే ఎక్కినా దడ అలాగే ఉంటే వేగం పెంచకండి, చక్రాల బ్యాలెన్సింగ్ చూపించండి. దానికీ తగ్గకపోతే ఆ టైరు ఆకారమే మారిపోయింది.

దారిలో ఆగినప్పుడు ఎవరైనా మీటరు పెట్టి "సార్, గాలి ఎక్కువుంది, తీయమంటరా?" అంటే వద్దనండి. అది వేడి చూపించే ఎక్కువ. మర్నాడు పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు, మీ మీటరుతో మీరే చూసుకోండి.